సరుకు బాగుంది, ధర మాత్రం అందరితో పాటే. పోటీలో మనల్ని నిలబెట్టేది ఏమిటి?

నేలపట్టు
అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మాది కుటుంబ వ్యవసాయం. రెండేళ్ల కిందట దీన్ని వ్యాపారంలా నడపాలని అన్నదమ్ములం అనుకున్నాం. టమాటా, కీరదోస పండిస్తాం. మంచి విత్తనం తెస్తాం, మందులు అవసరమైనంతే కొడతాం, కోత దగ్గరుండి చేయిస్తాం. తిన్నవాళ్లంతా బాగుందనే అంటారు. కానీ మార్కెట్‌కి వెళ్లేసరికి పక్కవాళ్ల సరుకుకి ఏ ధరో మాకూ అదే ధర. పైగా తరుగు కోస్తారు.

దిగుబడి ఇంకా పెంచితే కిలోకి పడే ఖర్చు తగ్గుతుందని మా తమ్ముడు అంటాడు. పేరు పెట్టి, ప్యాకింగ్ చేసి అమ్ముదామని నేనంటాను. రోజూ ఇదే వాదన. వచ్చే సీజన్ పెట్టుబడి దేనిమీద పెట్టాలో ఈ నెలలోనే తేల్చుకోవాలి, చాలా టెన్షన్‌గా ఉంది. వ్యవసాయ సరుకుని పోటీలో నిలబెట్టేది అసలు ఏది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత_చేను
బాబూ, మీ తమ్ముడి మాటే కరెక్టు. నలభై ఏళ్లుగా సాగు చేస్తున్నాను. పంట అందరికీ ఒకేసారి వస్తుంది, ధర మన చేతిలో ఉండదు, చేతిలో ఉన్నది ఖర్చు ఒక్కటే. తక్కువ ఖర్చుతో పండించినవాడు ధర పడిపోయిన ఏడాది కూడా మిగులుతాడు. ప్యాకింగ్, పేరు అనుకుంటూ డబ్బు పోసినవాళ్లని చాలామందిని చూశాను.

కాటాపక్కన
నేలపట్టు గారూ, నేను అవతలి వైపు మనిషిని. పన్నెండేళ్లు కూరగాయల కొనుగోలు విభాగంలో పనిచేశాను, రోజూ తెల్లవారుజామున క్రేట్లు విప్పి చూడటమే ఉద్యోగం. ఒక్క ప్రశ్న అడుగుతాను. మీ ఇరవయ్యో క్రేటు మొదటి క్రేటులాగే ఉంటుందా? ఈ వారం పంపిన సరుకులాగే మూడు వారాల తర్వాత సరుకూ ఉంటుందా?

ఇది ఎందుకు అడుగుతున్నానంటే, కొనేవాడికి అన్ని క్రేట్లూ విప్పే తీరిక ఉండదు. రెండు మూడు విప్పుతాడు. పైన నిగనిగలాడే కాయ, అడుగున చిన్నకాయ, పగుళ్లు కనిపించాయంటే లాటు మొత్తానికి అడుగున ఉన్న కాయ ధరే కడతాడు. మంచి కాయ ధర కడితే నష్టం తనది కదా. మీ సరుకులో 80 శాతం అద్భుతంగా ఉండి 20 శాతం నాసిగా ఉందనుకోండి, కొనేవాడి కళ్లకి కనిపించేది ఆ 20 శాతమే.

1970లో జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల మార్కెట్‌ని ఉదాహరణగా తీసుకుని ఇదే చెప్పాడు. మంచిదేదో చెడ్డదేదో కొనేవాడికి తెలియనప్పుడు అతను సగటు ధరే ఇస్తాడు. ఆ సగటు ధర మంచి సరుకు ఉన్నవాడికి గిట్టదు, మెల్లగా తప్పుకుంటాడు. చివరికి మార్కెట్‌లో నాసిరకమే మిగులుతుంది. ఆయనకి 2001లో నోబెల్ వచ్చింది. నేను ఆ సంగతి చదవకముందే క్రేట్ల దగ్గర రోజూ చూశాను. మీ కాయ బాగుండటం ఒక ఎత్తు. అది బాగుందని నాకు విప్పకుండానే తెలియడం ఇంకో ఎత్తు.

నేలపట్టు
నిజం చెప్పాలంటే మేం కాయని వేరు చేయం అన్నా. కోసింది కోసినట్టు క్రేట్లలో పోసి పంపుతాం. పెద్దది, చిన్నది, పండింది, దోరది అన్నీ కలిసే ఉంటాయి. పైన మంచివి పేర్చడం మాత్రం ఎప్పుడూ చేయలేదు.

పాలధార
తమ్ముడూ, కాటాపక్కన గారు చెప్పింది పాల వ్యాపారంలో మేం పూర్తిగా అనుభవించాం. మా మహిళల సంఘంలో మొదట్లో పాలన్నీ ఒకే క్యాన్‌లో పోసేవాళ్లం, లీటర్ల లెక్కన డబ్బు పంచుకునేవాళ్లం. చిక్కటి పాలు పోసినామెకీ, నీళ్లపాలు పోసినామెకీ ఒకటే. ఏడాది తిరక్కముందే చిక్కటి పాలు పోసేవాళ్లు మానేశారు. ఒకరినొకరు అనుమానించుకోవడం మొదలైంది. ప్రతి మనిషి పాలలో వెన్న శాతం విడిగా కొలవడం మొదలుపెట్టాకే సంఘం నిలబడింది.

ఈ పరీక్ష వెనక ఒక మంచి కథ ఉంది. 1890లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ బాబ్‌కాక్ అనే ఆయన సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో, గిరగిరా తిప్పే చిన్న యంత్రంతో పాలలో వెన్న ఎంతుందో తేల్చే సులువైన పద్ధతి కనిపెట్టాడు. పేటెంట్ కూడా తీసుకోలేదు, అందరూ వాడుకోవాలని వదిలేశాడు. అంతకుముందు అక్కడా తూకానికే డబ్బు, అందుకే నీళ్లు కలిపినవాడికే లాభం. కొలత వచ్చాక మంచి పశువుని మేపడంలో, మంచి దాణా పెట్టడంలో లాభం కనిపించింది. ఆవుల్లో అప్పటికీ మార్పేమీ లేదు, మారింది కొలతే. నాకు ఆ కథ ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

విత్తు_వేరు
నేలపట్టు గారూ, టమాటా, కీరదోస రెండూ ఒకే బండిలో పంపుతారా?

నేలపట్టు
అవును. ఒకే బండి, ఒకే ప్రయాణం. ఎందుకడిగారు?

విత్తు_వేరు
అయితే సగం తరుగు అక్కడే పుడుతోంది. పండుతున్న టమాటా ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది. కీరదోసకి అది అస్సలు పడదు, పచ్చదనం పోయి పసుపు తిరుగుతుంది, మెత్తబడుతుంది. మీరు తోటలో ఎంత జాగ్రత్తగా కోసినా ఆ కొన్ని గంటల ప్రయాణంలో మీ సరుకే మీ సరుకుని పాడుచేస్తోంది. వేరే బండి పెట్టలేకపోతే కనీసం మధ్యలో గాలి ఆడేలా దూరంగా పేర్చండి, పండినవి కాకుండా ఇంకా రంగు తిరగని కాయ ఎక్కించండి.

రెండో సంగతి వేడి. కోసిన కాయ కూడా ఊపిరి తీసుకుంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆ శ్వాస వేగం సుమారు రెండు మూడు రెట్లవుతుంది, అంటే నిల్వ ఉండే రోజులు అంతకంతకు తగ్గుతాయి. మధ్యాహ్నం కోసి ఎండలోనే క్రేట్లు ఉంచితే మీరు తోటలోనే ఒకటి రెండు రోజుల ఆయుష్షు పోగొట్టుకున్నట్టు. తెల్లవారి కోసి, వెంటనే నీడకి చేర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అలాగని మరీ చల్లదనం కూడా పనికిరాదు. పచ్చి టమాటాని 12, 13 డిగ్రీలకంటే చలిలో ఎక్కువ రోజులు ఉంచితే తర్వాత సరిగా రంగు రాదు, మచ్చలు పడతాయి.

ప్రపంచం మొత్తమ్మీద కోత తర్వాత, చిల్లర దుకాణానికి చేరేలోపే సుమారు 14 శాతం ఆహారం పోతోందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2019లో అంచనా వేసింది. పాత_చేను గారూ, ఖర్చు తగ్గించాలన్న మీ మాట నాకూ సమ్మతమే. అయితే పండించాక పోయే కాయ మీద విత్తనం, నీరు, కూలి, ఎరువు, రవాణా ఖర్చులన్నీ పెట్టేసి ఉంటాం. అన్నిటికంటే ఖరీదైన నష్టం అదే.

పాత_చేను
ఇథిలీన్ సంగతి నాకు తెలియదమ్మా. ఒప్పుకుంటున్నాను. ఇన్నేళ్లుగా కలిపే పంపాను.

లెక్కల_చిట్టా
ఖర్చు గురించి నేనూ ఒక మాట. చాలామంది రైతులకి కిలోకి ఎంత ఖర్చయిందో తెలియదు, ఎకరాకి ఎంత పెట్టారో మాత్రమే తెలుసు. అందులోనూ ఇంటివాళ్ల కూలి, సొంత భూమి కౌలు విలువ, పైపులు మోటారు అరుగుదల రాయరు. అవి రాయకుండా 'మాకు చవగ్గా పడుతుంది' అనుకుంటే మన కష్టాన్ని ఉచితంగా అమ్ముతున్నట్టే.

దిగుబడి పెంచితే కిలో ఖర్చు తగ్గుతుందన్నది నిజమే, కానీ ఒక హద్దు వరకే. కౌలు, మోటారు లాంటి స్థిర ఖర్చు ఎక్కువ కిలోలకి పంచబడుతుంది. ఆ హద్దు దాటాక ప్రతి అదనపు కిలోకి ఎరువు, మందు, కూలి ఎక్కువ పడతాయి. పైగా కోసిన ప్రతి కిలో అమ్ముడుపోవాలి కదా. కాబట్టి పండిన కిలోకి ఎంత అని కాకుండా అమ్ముడైన కిలోకి ఎంత అని రాయండి. ఉదాహరణకి 100 కిలోలు పండించడానికి 1000 యూనిట్ల ఖర్చు అనుకుందాం. 80 కిలోలే అమ్ముడైతే కిలోకి 10 కాదు, 12.5. అదే ఖర్చుతో 95 కిలోలు అమ్మగలిగితే 10.5 చిల్లర. ఒక్క కాయ కూడా అదనంగా పండించకుండా 16 శాతం దాకా ఖర్చు తగ్గింది. మీ తమ్ముడికి ఈ లెక్క చూపించండి, ఆయన వాదన ఓడిపోదు, ఇంకో దారిలో గెలుస్తుంది.

కొత్త_అడుగు
మిగిలిపోయిన టమాటాని ఎండబెట్టి పొడి చేస్తే సరిపోతుంది కదా? విలువ జోడింపు చేస్తేనే లాభం అని అందరూ చెబుతున్నారు.

లెక్కల_చిట్టా
ముందు ఈ లెక్క చూడండి. టమాటాలో 94 శాతం దాకా నీరే. 100 కిలోల్లో గట్టి పదార్థం 6 కిలోలు. పొడిలో 10 శాతం తేమ మిగిలిందనుకున్నా చేతికొచ్చేది ఏడు కిలోల లోపే. అంటే కిలో పొడి వెనక 15 కిలోల టమాటా ఉంది, దానిమీద ఇంధనం, కూలి, ప్యాకింగ్. ఇక మీ పోటీ పక్క రైతుతో ఉండదు, ఏడాది పొడవునా యంత్రాలు నడిపే ఫ్యాక్టరీలతో ఉంటుంది. వాళ్లు ఎక్కువ గుజ్జు, తక్కువ నీరు ఉండే రకాలని అందుకోసమే వేయిస్తారు. చేయొద్దని నేను అనను. మిగిలిన సరుకు వదిలించుకోవడానికి మాత్రం మొదలుపెట్టకండి. దాని కొనుగోలుదారు వేరు, నియమాలు వేరు. అది ఇంకో వ్యాపారం.

గోదాము_గడప
కూరగాయల సంగతి నడుస్తోంది, నేను గింజల వైపు నుంచి చెబుతాను. గ్రేడింగ్‌కి, అంటే సరుకుని నాణ్యత బట్టి వేరుచేయడానికి, రెండో ముఖం కూడా ఉంది. 1850ల్లో షికాగోలో గోధుమలని పెద్ద పెద్ద గోదాముల్లో పోసేవారు. అంతవరకు ఏ రైతు బస్తా ఆ రైతు పేరుతోనే కొనేవాడి దాకా వెళ్లేది. అక్కడి వర్తక సంఘం గ్రేడులు నిర్ణయించాక ఒక గ్రేడు గింజలన్నీ కలిపి ఒకే గాదెలో పోశారు, రైతుకి రసీదు ఇచ్చారు. వ్యాపారం విపరీతంగా పెరిగింది. కానీ గ్రేడు హద్దుకి కాస్త పైన ఉన్న గోధుమకీ, ఎంతో పైన ఉన్న గోధుమకీ ఒకటే ధర. రైతు పేరు ఆ గాదెలోనే కలిసిపోయింది.

కాబట్టి నేలపట్టు గారూ, గ్రేడింగ్ మిమ్మల్ని పోటీలోకి రానిస్తుంది. అందరూ అదే గ్రేడు చేసిన రోజున మళ్లీ అందరితో సమానమే. అప్పుడు మిమ్మల్ని వేరుచేసే ఇంకోటి కావాలి.

ఇంకో చిన్న మాట, గింజలు అమ్మేవాళ్లు ఎవరైనా చదువుతుంటే: తేమ మీటరు కొనండి. నెలల తరబడి నిల్వ చేసే వడ్లు, మొక్కజొన్న 13, 14 శాతం మించి తేమతో ఉంటే బూజు, పురుగు ఖాయం. చేత్తో పట్టి, పంటితో కొరికి చెప్పే రోజులు పోయాయి. కాటా దగ్గర కొనేవాడి మీటరు ఒక్కటే ఉంటే అతను చెప్పిందే తేమ, అతను కోసిందే తరుగు. మన దగ్గరా మీటరు ఉంటే మాట్లాడటానికి ఆధారం ఉంటుంది.

ఎగుమతి_బల్ల
గోదాము గారు 'ఇంకోటి కావాలి' అన్నారు కదా. మా వైపు ఆ ఇంకోటి రుజువు. వేరుశనగ ఉదాహరణ చెబుతాను. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు వల్ల అఫ్లాటాక్సిన్ విషం వస్తుంది, కంటికి కనపడదు. తర్వాత శుద్ధి చేయబోయే వేరుశనగకి కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ పెట్టిన పరిమితి కిలోకి 15 మైక్రోగ్రాములు. నేరుగా తినే వేరుశనగకి ఐరోపా సమాఖ్య పెట్టుకున్న పరిమితి మొత్తం 4, అందులో బి1 రకం 2. గింజ ఎంత లావుగా, ఎంత తెల్లగా ఉన్నా పరీక్షలో అంకె దాటితే ఓడ దగ్గరి నుంచి వెనక్కే.

మాకు ఒకసారి ఒక లాటు మొత్తం తిరిగొచ్చింది. ఏ రైతు సరుకు వల్లో తెలుసుకోలేకపోయాం, ఎందుకంటే బస్తాల మీద ఏ గుర్తూ లేదు. 40 మంది సరుకు మీద ఒక్కరి తప్పు పడింది. ఆ 40 మందిలో చాలామంది పంట కల్లంలో సరిగ్గా ఆరబెట్టినవాళ్లే. వాళ్లకి ముఖం చూపించలేకపోయాను. ఆ తర్వాత నుంచి ప్రతి బస్తాకీ రైతు నంబరు, మడి నంబరు, కోత తేదీ లేకుండా తీసుకోవడం లేదు.

ఐరోపా చిల్లర కంపెనీలు 1997లో యూరెప్‌గ్యాప్ అని తోటల కోసం ఒక ప్రమాణం మొదలుపెట్టాయి, 2007లో దాని పేరు గ్లోబల్ గ్యాప్ అయింది. అందులో ఎక్కువ భాగం రికార్డులే: ఏ మందు, ఎప్పుడు, ఎంత, కోతకి ఎన్ని రోజుల ముందు. చిన్న రైతులు గుంపుగా కూడా సర్టిఫికెట్ తీసుకోవచ్చు. అందరికీ ఇది అవసరం లేదు, ఖర్చుతో కూడిన పని. కానీ మందు కొట్టిన తేదీ రాసుకునే అలవాటుకి ఒక నోటుపుస్తకం చాలు.

పాత_చేను
అన్నీ బాగానే చెబుతున్నారు. నా అనుమానం ఒక్కటే. గ్రేడు చేసి, గుర్తు వేసి, రికార్డు రాసి తీసుకెళ్తే కొనేవాడు 'బాగుంది' అని పాత ధరే ఇస్తే ఏం చేయాలి? పచ్చి సరుకు వెనక్కి తీసుకురాలేం. ఇద్దరే కొనుగోలుదారులు ఉన్నచోట నాణ్యతకి బలం ఎక్కడిది?

కాటాపక్కన
పెద్దాయనా, మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. నేను కొనేటప్పుడు ఒంటరిగా వచ్చిన రైతుతో ఒకలా, వారానికి ఇన్ని టన్నులు అని మాటిచ్చే గుంపుతో ఒకలా మాట్లాడేవాడిని. దాచుకునే సంగతేం కాదు. సరుకు ఆగిపోతే అరలు ఖాళీ అవుతాయి, అప్పుడు నా ఉద్యోగానికే ఇబ్బంది. అందుకే మాటిచ్చిన రోజు మాటిచ్చినంత పంపేవాళ్లకి కాస్త ఎక్కువే ఇచ్చేవాడిని.

పాలధార
దీనికి డెన్మార్క్ కథ చెప్పాలి. 1870లు, 80ల్లో అమెరికా, రష్యాల నుంచి చవక ధాన్యం ఐరోపాలోకి వచ్చిపడింది. డెన్మార్క్ రైతులు ధాన్యంలో పోటీ పడలేకపోయారు. ఖర్చు తగ్గించినా ఆ విశాలమైన మైదానాలతో గెలవలేరు. వాళ్లు ఆ చవక ధాన్యాన్నే పశువులకి దాణాగా కొని, వెన్న వైపు తిరిగారు. 1882లో యెడింగ్ అనే ఊళ్లో మొదటి సహకార వెన్న కేంద్రం పెట్టారు. అంతకు నాలుగేళ్ల ముందే స్వీడన్‌లో గుస్తాఫ్ ద లావల్ మీగడ తీసే యంత్రం తెచ్చాడు, అందువల్ల చిన్న రైతు పాలూ పెద్ద రైతు పాలూ ఒకే కేంద్రంలో ఒకేలా వెన్నగా మారాయి. ఇంటింటా చిలికిన వెన్న ఒక్కోటి ఒక్కో రుచి, ఒక్కో రంగు. కేంద్రం వెన్న మాత్రం ఎప్పుడూ ఒకటే. చలికాలంలోనూ పాలు వచ్చేలా ఈతల కాలం మార్చుకున్నారు, ఏడాదంతా ఇంగ్లండ్‌కి పంపారు.

పెద్దాయనా, మీ ప్రశ్నకి జవాబు ఇందులో ఉందనుకుంటాను. రెండు ఆవులున్న మనిషి ఒంటరిగా ఇంగ్లండ్ వ్యాపారితో ఏం మాట్లాడగలడు? కలిసాక మాట్లాడారు.

కొత్త_అడుగు
మరి బ్రాండ్ సంగతి? నేలపట్టు గారు అడిగిన అసలు ప్రశ్నకి ఎవరూ నేరుగా చెప్పలేదు.

విత్తు_వేరు
కివీ పండు సంగతి చూడండి. న్యూజిలాండ్‌లో దాన్ని చైనా గూస్‌బెర్రీ అనేవారు. 1959లో ఎగుమతిదారులు కివీ అని పేరు మార్చారు. పేరు బాగా అంటుకుంది, అదే చిక్కయింది. ఇటలీ, చిలీ రైతులు కూడా కివీ అనే అమ్మారు. పండుకి పెట్టిన పేరు అందరిదీ అయిపోతుంది. 1997లో న్యూజిలాండ్ రైతులు జెస్‌ప్రీ అనే సొంత గుర్తు తెచ్చారు. నాకు నచ్చేది ఆ గుర్తు వెనక జరిగే పని. పండులో గట్టి పదార్థం శాతం కొలిచి, రుచి బాగా వచ్చే తోటకి ఎక్కువ డబ్బు ఇస్తారు. అంటే రుచికి కూడా కాటా పెట్టారు.

2010లో పీఎస్‌ఏ అనే బ్యాక్టీరియా తెగులు వచ్చి వాళ్ల బంగారు రంగు రకం తోటలు ఘోరంగా దెబ్బతిన్నాయి. తట్టుకునే కొత్త రకం అప్పటికే పరిశోధనలో సిద్ధంగా ఉండబట్టి అంట్లు మార్చి తేరుకున్నారు. పేరు నిలబడాలంటే దాని వెనక సరుకు ఆగకూడదు.

కాబట్టి పేరు పెట్టండి, తప్పులేదు. ముందు ఒక సీజన్ అంతా ఒకేలాంటి సరుకు ఇవ్వగలిగాక పెట్టండి. ఇవాళ మీ క్రేట్ల మీద పేరు వేస్తే, ఆ అడుగున ఉన్న చిన్నకాయ మీద కూడా మీ పేరే ఉంటుంది.

నేలపట్టు
ఆ చివరి వాక్యం మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. ఈ సీజన్‌కి ప్యాకింగ్ యంత్రం ఆపేస్తున్నాం. గ్రేడింగ్ బల్ల, నీడ కోసం షెడ్డు, ఒక నోటుపుస్తకం. బండి సంగతి చూడాలి.

నేలపట్టు (నాలుగు నెలల తర్వాత)
అందరికీ చెప్పాలని వచ్చాను. కోత తెల్లవారుజాముకి మార్చాం. టమాటా, కీరదోస వేర్వేరు రోజుల్లో పంపుతున్నాం, కీరదోస పసుపు తిరగడం దాదాపు ఆగిపోయింది. టమాటాని పరిమాణం, రంగు బట్టి మూడుగా విడదీస్తున్నాం. మొదటి నెల కొనేవాళ్లు పట్టించుకోలేదు, పాత_చేను గారు అన్నట్టే పాత ధరే. గ్రేడింగ్ కూలి అదనం, చాలా బాధపడ్డాను, ఆపేద్దామని కూడా అనుకున్నాం. ఆరో వారంలో ఒక కొనుగోలుదారు క్రేటు విప్పకుండానే దించుకున్నారు. ఇప్పుడు మొదటి గ్రేడుకి కాస్త ఎక్కువ ఇస్తున్నారు. రెండో గ్రేడుకి పాత ధరే, మూడోది ఇంకా తక్కువ. మొత్తం కలిపితే లాభం చిన్నదే, కానీ తరుగు కోత బాగా తగ్గింది. లెక్కల_చిట్టా గారు చెప్పినట్టు అమ్ముడైన కిలోకి లెక్క రాస్తే తేడా అక్కడే కనిపించింది.

ఒకసారి మెత్తబడిన కాయ వచ్చిందని ఫిర్యాదు వచ్చింది. క్రేటు మీద మడి నంబరు ఉండటంతో ఏ మడో తెలిసింది, అక్కడ నీటి పైపు కారుతోంది. బాగుచేశాం.

ఒంటరిగా వారం పొడవునా సరుకు ఇవ్వలేకపోతున్నాం, అది మాత్రం ఇంకా తీరలేదు. చుట్టుపక్కల ఆరుగురితో మాట్లాడుతున్నాను. గ్రేడింగ్ అందరూ ఒకేలా చేయాలి, ఎవరి కాయకి వాళ్లకే డబ్బు రావాలి. పాలధార అక్కా, మీరు ఎవరి పాలు ఎంత అని రాసుకునే పుస్తకం ఎలా ఉంటుందో చూపిస్తారా?

పాలధార
తప్పకుండా తమ్ముడూ. రేపు ఒక పేజీ ఫోటో పెడతాను. ప్రతి రోజూ సంతకం ఇద్దరిది ఉండాలి, పోసినవారిది, కొలిచినవారిది.

పాత_చేను
ఆ ఫోటో నాకూ కావాలమ్మా. మా వైపు నలుగురం ఉన్నాం.